డెంగీ జ్వరంలో పెద్దవాళ్ళ గుండెను ఎలా కనిపెట్టుకుని ఉండాలి?

బెంగళూరులో వానలు మొదలయ్యే జూన్ నుంచి చలి ముదిరేదాకా మా క్లినిక్కుకు వచ్చే తెలుగు కుటుంబాల చేతిలో ఒక రక్తపరీక్ష కాగితం ఉంటుంది. అందులో ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. దాని గురించి మాట్లాడటం అయ్యాక, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: "మా నాన్నకు బీపీ ఉంది, స్టెంట్ కూడా వేశారు, డెంగీ వల్ల గుండెకేమైనా అవుతుందా?" మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో ఉండే కుర్రవాళ్ళు ఇదే ప్రశ్నను వేరే రకంగా అడుగుతారు: "జ్వరం తగ్గిపోయింది, కానీ గుండె నిమిషానికి 48 సార్లే కొట్టుకుంటోందని వాచీ చూపిస్తోంది, భయపడాలా?" ఈ రెండు ప్రశ్నలకు హడావిడిగా ఫోన్లో జవాబు చెప్పడం నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు కాబట్టి, ఇంట్లో ఉన్నవాళ్ళు రోజువారీగా ఏం చూడాలో, ఎలా చూడాలో, ఎప్పుడు బయలుదేరాలో వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెబుతాను. డెంగీలో రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. దానితో గుండెకు తోడడానికి సరిపడా రక్తం అందదు. అది కాకుండా కొందరిలో గుండె కండరం వాస్తుంది, గుండెలోని విద్యుత్ ప్రసారం తడబడుతుంది, గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు చేరుతుంది. ఇవి చాలామందిలో తేలికగా వచ్చి వాటంతట అవే సర్దుకుంటాయి. కొద్దిమందిలో మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో గుండె తీవ్రంగా దెబ్బతినడాన్ని "తీవ్రమైన డెంగీ" లక్షణాల్లో చేర్చింది.

ఈ వ్యాసం, ఇంట్లో ఉండవచ్చని వైద్యులు చెప్పిన పెద్దవాళ్ళ కోసం. గర్భిణులు, వయసు మళ్ళినవాళ్ళు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, మధుమేహం, అధిక రక్తపోటు లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు ఆసుపత్రిలో చేరాలా వద్దా అన్నది తామే తేల్చుకోకూడదు. మొదటి రోజే వైద్యులను కలిసి ఆ నిర్ణయాన్ని వారికి వదలాలి. ఒంటరిగా ఉండటం కూడా చేర్చుకోవడానికి తగిన కారణమేనని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. పీజీ గదిలో తలుపు గడియ వేసుకుని ఒక్కరే పడుకుని ఉండేవాళ్ళు ఈ మాటను గట్టిగా పట్టించుకోవాలి.

ఏమేం కావాలి

థర్మామీటరు ఒకటి, భుజానికి కట్టే బీపీ మిషను ఒకటి, సెకన్ల ముల్లు ఉన్న గడియారం, ఒక నోటుపుస్తకం. కోవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే తీసి బ్యాటరీలు మార్చండి. లేకపోతే దాని కోసం పరుగెత్తవలసిన పని లేదు. మణికట్టుకు కట్టే బీపీ మిషన్లు ఈ పనికి అంతగా నమ్మదగినవి కావు. తాగిన నీళ్ళు లెక్కపెట్టడానికి లీటరు సీసా, మూత్రం కొలవడానికి గీతలున్న ఒక మగ్గు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పారాసిటమాల్ మాత్రలు ఉంచుకోండి.

వీటన్నిటికంటే విలువైనవి బీరువాలో ఉంటాయి. పాత ఈసీజీ, పాత ఎకో (గుండె స్కానింగు) రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. ఈసీజీలో కనిపించిన మార్పు ఇప్పటిదా, అయిదేళ్ళ నాటిదా అన్నది పాత కాగితం పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అమ్మానాన్నలు అనంతపురం నుంచో కడప నుంచో పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు ఈ కాగితాలు ఊళ్ళోనే ఉండిపోతాయి. పక్కింటివాళ్ళ చేత వాటిని ఫోటో తీయించి ఫోన్లో పెట్టుకోండి.

1. జ్వరం మొదలైన రోజును రాసుకోండి

నోటుపుస్తకం మొదటి పేజీలో జ్వరం మొదలైన తేదీ, పూట రాయండి. అది 1వ రోజు. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. ఉష్ణోగ్రత 100.4 ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగి నిలిచిన దగ్గర నుంచి 24 నుంచి 48 గంటలే అసలు గండం. నీరు ఊరిపోయేదీ, రక్తపోటు పడిపోయేదీ ఎక్కువగా అప్పుడే.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. జ్వరం దిగింది కదా అని తల స్నానం చేయించి, ఇక ఫరవాలేదని ఆఫీసుకు వెళ్ళిపోతారు. దయచేసి ఆ రెండు రోజులూ సెలవు పెట్టండి. జ్వరం ఉన్న రోజుల్లో పెట్టిన సెలవు కంటే ఇది ఎక్కువ అవసరం.

2. మొదట్లోనే ఒక రక్తపరీక్ష, ఒక ఈసీజీ చేయించండి

జ్వరం మొదలైన మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్‌1 పరీక్ష (వైరస్ ప్రోటీన్ను పట్టేది) పనికొస్తుంది, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష (వైరస్ మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలను చూసేది) చేయాలి. కర్ణాటక ప్రభుత్వం 2024లో డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది. అదే సంవత్సరం ల్యాబులో ఎలైజా పద్ధతిలో చేసే ఈ రెండు పరీక్షలకు ఒక్కొక్కదానికి 300 రూపాయలను గరిష్ఠ ధరగా పెట్టింది. ల్యాబుకు వెళ్ళినప్పుడు ఇప్పటి ధర ఎంతో ముందే అడగండి.

సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) అంకెను కూడా నోటుపుస్తకంలో ఎక్కించండి. కొన్ని ల్యాబులు దాన్ని పీసీవీ అని రాస్తాయి. మొదట్లో 40 ఉన్నది 48కి చేరిందంటే 20 శాతం పెరిగినట్టు, అంటే రక్తంలోని నీరు బయటికి పోయి రక్తం చిక్కబడుతున్నట్టు. ప్లేట్‌లెట్లు పడిపోతూ ఇది పెరుగుతుంటే ఆలస్యం చేయకూడదు.

నలభై దాటినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి, ఏ వయసు వారికైనా ఛాతీలో బరువు, దడ, కళ్ళు తిరగడం ఉంటే మొదటి సందర్శనలోనే ఈసీజీ తీయించమని అడగండి. తర్వాతి రోజుల్లో ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి అది పనికొస్తుంది.

3. మందుల చీటీని వైద్యుల ముందు పెట్టండి

ఈ అడుగు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రోగం చేసే కీడుకు మందులు చేసే కీడు తోడవుతుంటే చూశాను.

జ్వరానికీ నొప్పులకూ పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్ళకు 650 మిల్లీగ్రాముల మాత్ర, రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుకు మించకుండా. కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, సన్నగా బరువు తక్కువగా ఉన్నవాళ్ళు ఎంత వాడాలో అడిగి వాడాలి. డోలో అన్నా క్రోసిన్ అన్నా లోపల ఉన్నది పారాసిటమాలే, జలుబు మాత్రల్లోనూ అదే ఉండవచ్చు. మూడు పేర్లతో మూడు మాత్రలు మింగి మూడింతలు వేసుకున్నవాళ్ళను చూశాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, మెఫెనమిక్ ఆమ్లం వద్దు. ఒళ్ళునొప్పులకు పిరుదుకు సూది వేయించుకోవడం అసలే వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు సూది పడిన కండరంలో రక్తం గడ్డకట్టి పెద్ద వాపుగా మారుతుంది.

స్టెంట్ ఉన్నవాళ్ళ విషయం సున్నితమైనది. స్టెంట్లో రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. అలాగని వాటిని హఠాత్తుగా మానేస్తే, ముఖ్యంగా స్టెంట్ వేసి కొన్ని నెలలే అయినవాళ్ళలో, స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. కాబట్టి మీ అంతట మీరు ఆపకూడదు, ఆలోచించకుండా కొనసాగించనూ కూడదు. డెంగీ అని తేలిన రోజే స్టెంట్ వేసిన వైద్యులకు ఫోన్ చేసి, స్టెంట్ వేసిన తేదీ, ఈ రోజు ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తస్రావం ఉందా లేదా అన్న మూడు సంగతులూ చెప్పి, వారు చెప్పినట్టు చేయండి. వార్ఫరిన్ వంటి మందులు వాడే కృత్రిమ కవాటాల రోగులకు కూడా ఇదే వర్తిస్తుంది. వారు రక్తం ఎంత పలుచబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష కూడా చేయించుకోవాలి.

బీపీ మాత్రలను, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలను ఆ గండపు రోజుల్లో తగ్గించాలా ఆపాలా అని అడగండి. మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల గురించి కూడా అడగండి. తిండి సరిగా లేనప్పుడు, వాంతులు అవుతున్నప్పుడు అవి ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది: రక్తపోటు పడిపోయేటప్పుడు వేగం పెరగవలసిన నాడి ఆ మాత్రల వల్ల పెరగదు. నాడి 80 ఉందని వాళ్ళ విషయంలో నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

4. నాడిని చేత్తో చూడండి

మంచం మీద అయిదు నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి, బొటనవేలి వైపు మణికట్టు మీద మీ మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే, మధ్యలో తప్పిపోయే దెబ్బలు మీకు దొరకవు. మీ బొటనవేలితో చూడకండి, దానిలోని నాడి మీదే అయి ఉంటుంది. జ్వరం ఉన్నప్పుడు రోజుకు నాలుగుసార్లు, జ్వరం దిగిన తొలి 48 గంటల్లో మెలకువగా ఉన్నంతసేపు రెండు మూడు గంటలకోసారి చూడండి. రాత్రి కనీసం ఒకసారి లేపి చూడండి.

మామూలుగా జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి సుమారు పది పెరుగుతుంది. డెంగీలో చాలామందికి అంత పెరగదు, అది మామూలే. దీన్నిబట్టి మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఏమిటంటే, జ్వరం దిగిపోయి ఒళ్ళు చల్లబడిన మనిషికి పడుకుని ఉండగానే నాడి 100 దాటుతోందంటే దానికి మంచి కారణం ఉండదు.

లెక్కతో పాటు లయను కూడా రాయండి. "సమంగా ఉంది", "మధ్యలో ఆగుతోంది", "పూర్తిగా అస్తవ్యస్తంగా ఉంది" అని మూడు మాటల్లో ఏదో ఒకటి చాలు. వాచీ చూపే అంకె పనికిరానిదని నేను అనను, కానీ పట్టీ వదులైనా, చెయ్యి చల్లబడినా అది తప్పుతుంది. అది కంగారు పెట్టినప్పుడల్లా చేత్తో చూసి నిర్ధారించుకోండి.

5. బీపీలో రెండు అంకెల మధ్య తేడాను రాయండి

ఈ వ్యాసంలో ఒక్క అడుగే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. అందరూ పై అంకె చూసి ఊరుకుంటారు. డెంగీలో నీరు ఊరిపోయేటప్పుడు పై అంకె చాలాసేపు నిలబడే ఉంటుంది, కింది అంకె పైకి ఎక్కుతుంది. 110/90 అని చూపిస్తే ఇంట్లోవాళ్ళు "బీపీ బాగానే ఉంది" అంటారు. ఆ తేడా 20. తేడా 20 గానీ అంతకంటే తక్కువ గానీ అయిందంటే రోగి అప్పటికే షాక్‌లోకి, అంటే అవయవాలకు సరిపడా రక్తం అందని స్థితిలోకి, జారుతున్నాడని అర్థం.

కృష్ణరాజపురంలో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన నోటుపుస్తకం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. చదరపు గళ్ళ లెక్కల పుస్తకంలో కోడలు నీలం సిరాతో ముత్యాల్లా రాసింది:

5వ రోజు ఉదయం 6: ఉష్ణోగ్రత 99.2, నాడి 88, బీపీ 118/76.
మధ్యాహ్నం 12: ఉష్ణోగ్రత 98.4, నాడి 102, బీపీ 110/82.
సాయంత్రం 4: ఉష్ణోగ్రత 97.6, నాడి 114, బీపీ 104/86.

విడివిడిగా చూస్తే ఒక్క అంకె కూడా భయపెట్టదు. జ్వరం దిగుతోంది, బీపీ మాత్రలు వేసుకునే మనిషికి 104 మరీ తక్కువ కాదు. తేడాలు మాత్రం 42, 28, 18. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని, "ఏం లేదు నాయనా, నీరసం అంతే" అంటూనే ఉన్నాడు. పట్టుకుంటే మోచేతుల కింద నుంచి చేతులు మంచులా ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి ఆ అమ్మాయి ఆ పేజీని ఫోటో తీసి పంపబట్టి అయిదున్నరకల్లా ఆయనకు సెలైన్ ఎక్కింది. అందుకే పుస్తకంలో నాలుగో గడి గీసి తేడా రాయమంటాను. తేడా 30కి తగ్గితే మీ వైద్యులకు ఫోన్ చేయండి, 25 దగ్గరికి వస్తే బయలుదేరండి. 20 దాకా ఆగమని నేను ఎవరికీ చెప్పను.

బీపీ చూసేటప్పుడు జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. చొక్కా చేతి మీద పట్టీ కట్టడం, లావు చేతికి చిన్న పట్టీ కట్టడం, మూత్రానికి వెళ్ళి వచ్చిన వెంటనే చూడటం, చూస్తుండగా మాట్లాడించడం, చెయ్యి గుండె ఎత్తులో లేకపోవడం. రోజూ ఒకే చేతికి చూడండి. మిషను రెండు మూడుసార్లు "ఎర్రర్" అని చూపిస్తే బ్యాటరీ పోయిందని పక్కన పెట్టేయకండి. తేడా బాగా తగ్గినప్పుడూ, గుండె లయ తప్పినప్పుడూ కూడా ఈ మిషన్లు అంకె చూపలేవు. అదే మిషనును ఆరోగ్యంగా ఉన్న మీ చేతికి కట్టి చూడండి. మీకు సరిగా చూపించి రోగికి చూపించకపోతే లోపం మిషనులో లేదు.

పట్టీ విప్పాక దాని కింద చర్మం మీద ఎర్రని చిన్న చుక్కలు కనిపించవచ్చు. డెంగీలో అది మామూలే, మిషను వల్ల దెబ్బ తగిలిందని హడలిపోవద్దు. కాకపోతే అనవసరంగా గంటకు నాలుగుసార్లు బిగించకండి.

6. చేతులు, గోళ్ళు, మూత్రం

వేలి కొసను అయిదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. గోరింటాకు, గోళ్ళరంగు ఉంటే వేలి మెత్తటి భాగం మీద గానీ రొమ్ము ఎముక మీద గానీ నొక్కి చూడండి. గది చల్లగా ఉంటే ఈ పరీక్ష మోసం చేస్తుంది, దుప్పటి కప్పి చేతులు వెచ్చబడ్డాక మళ్ళీ చూడండి.

మూత్రం కనీసం ఆరు గంటలకోసారి రావాలి, లేత పసుపు రంగులో ఉండాలి. ఆరు గంటలు దాటినా రాకపోతే ఎన్ని నీళ్ళు తాగినా లెక్కలోకి రాదు, అది ఆసుపత్రికి వెళ్ళవలసిన గుర్తు.

7. ఎంత తాగించాలి

గుండె, మూత్రపిండాలు బాగున్న పెద్దవాళ్ళు రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు కొద్దికొద్దిగా తాగాలి. ఓఆర్‌ఎస్, గంజి, పలుచని మజ్జిగ, రాగి జావ, కొబ్బరినీళ్ళు ఏవైనా సరే. వట్టి నీళ్ళే లీటర్లకొద్దీ తాగిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది.

గుండె బలహీనంగా ఉండి, రోజుకు లీటరున్నర మించి తాగవద్దని ముందే చెప్పించుకున్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు. వారికి తక్కువైతే ఒక ప్రమాదం, ఎక్కువైతే ఇంకో ప్రమాదం కాబట్టి ఆసుపత్రిలోనే ఉండటం క్షేమం. ఒంట్లో పొటాషియంను నిలిపి ఉంచే స్పిరోనోలాక్టోన్ మాత్ర వాడేవాళ్ళు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు కొబ్బరినీళ్ళు అదే పనిగా తాగకూడదు. అందులో పొటాషియం ఎక్కువ, అది హద్దు మీరితే గుండె లయను చెడగొడుతుంది. బొప్పాయి ఆకు రసం గురించి అందరూ అడుగుతారు. అది గుండెను కాపాడదు, నీరు ఊరిపోవడాన్ని ఆపదు. చేదుకు వాంతులై ఉన్న నీళ్ళు కూడా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

8. ఇవి కనిపిస్తే బయలుదేరండి

ఛాతీలో నొప్పి, బరువు. పడుకుంటే ఆయాసం. స్పృహ తప్పడం, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మడం. నాడి 120 దాటడం, 40 కంటే తగ్గడం, లేదా 50 లోపు ఉండి కళ్ళు తిరగడం. నాడి కొత్తగా అస్తవ్యస్తం కావడం. బీపీ పై అంకె 90 కంటే తగ్గడం, లేదా తేడా పైన చెప్పిన హద్దుకు రావడం. ఆక్సిజన్ 94 కంటే తగ్గడం. గుండెకు సంబంధం లేనట్టు కనిపించినా వదిలిపెట్టకూడనివి మరికొన్ని: విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకుపడి కొట్టుకులాడటం.

108కి ఫోన్ చేయండి. రోగిని బైకు వెనక కూర్చోబెట్టి తీసుకువెళ్ళకండి, మెట్లు దింపేటప్పుడు కూడా నడిపించకుండా కుర్చీలో దించండి. గుండె జబ్బులకు పేరున్న జయదేవ సంస్థ బన్నేరుఘట్ట రోడ్డులో ఉంది, కానీ బీపీ పడిపోతున్న మనిషిని వైట్‌ఫీల్డ్ నుంచి సాయంత్రపు ట్రాఫిక్కులో అంత దూరం మోసుకుపోవడం కంటే, రాత్రిపూట కూడా ఐసీయూ, ఎకో ఉండే దగ్గరి ఆసుపత్రే మేలు. అది ఏదో జ్వరం 1వ రోజునే కనుక్కుని పుస్తకంలో రాసి పెట్టండి.

లోపలికి అడుగుపెట్టగానే మొదట చెప్పవలసిన మాట "డెంగీ, ఇన్నో రోజు" అన్నది. ఛాతీ నొప్పి అనగానే గుండెపోటు అనుకుని రక్తం పలుచబడే మందులు ఇచ్చే అవకాశం ఉంది, అవి ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి అపాయం. ఛాతీ నొప్పి రాగానే ఆస్పిరిన్ నమిలించమనే సలహాను కూడా డెంగీ రోగికి వైద్యులను అడగకుండా పాటించకండి. నర్సుకు కన్నడం తప్ప రాకపోతే "ఎదె నోవు" అంటే ఛాతీ నొప్పి, "ఉసిరాటద తొందరె" అంటే ఊపిరి ఇబ్బంది, "తలె సుత్తు" అంటే కళ్ళు తిరగడం. ఈ మూడూ గుర్తుంటే చాలు.

అక్కడ ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది), ఎకో, సోడియం, పొటాషియం పరీక్షలు చేస్తున్నారా అని అడగండి. ట్రోపోనిన్ పెరిగినంత మాత్రాన గుండెపోటు అని కాదు, కండరం వాచినా పెరుగుతుంది. ఈసీజీ, ఎకో కలిపి చూసి తేలుస్తారు. డెంగీ వల్ల వచ్చే గుండె వాపుకు ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, మానిటరు మీద నిఘా, ద్రవాలను తూకం వేసినట్టు ఇవ్వడం, అవసరమైతే రక్తపోటును నిలబెట్టే మందులు, ఇదే చికిత్స.

9. కోలుకునేటప్పుడు కాపలా మానకండి

గండం దాటాక, బయటికి ఊరిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ సమయంలో సెలైన్ ఇంకా ఎక్కుతూనే ఉంటే గుండె మీద రెండు వైపుల నుంచి బరువు పడుతుంది. మా చిన్నాన్నకు 58 ఏళ్ళు, జ్వరం దిగి రెండు రోజులైంది, బీపీ నిలబడింది, అన్నం తింటున్నాడు. ప్లేట్‌లెట్లు 40 వేలే ఉన్నాయన్న ఒక్క కారణంతో ఆయన చేరిన ఆసుపత్రిలో సీసా మీద సీసా ఎక్కిస్తూనే ఉన్నారు. ఆ రాత్రి ఆయన వెల్లకిలా పడుకోలేక మూడు దిండ్లు పెట్టించుకున్నాడు, తెల్లవారుజామున పొడిదగ్గుతో లేచి కూర్చున్నాడు. సెలైన్ ఆపి, నీరు పోయే ఇంజెక్షన్ ఇచ్చాక రెండు గంటల్లో ఊపిరి తేలికపడింది. పక్కన కూర్చున్న నేను వైద్యుణ్ణయి ఉండి కూడా ఆ దిండ్ల సంఖ్యను ముందే పట్టించుకోలేదన్న బాధ నాకు పోలేదు.

సెలైన్ ప్లేట్‌లెట్లను పెంచదు. రోగి నోటితో తాగగలిగి, మూత్రం బాగా వస్తూ, బీపీ తేడా 40 దగ్గర నిలబడితే, "ఇంకా ఎందుకు ఎక్కిస్తున్నారు?" అని మర్యాదగానే అడగండి. రక్తస్రావం లేకపోయినా అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించమని ఒత్తిడి చేయడం కూడా ఇలాంటిదే. సింగపూర్, మలేషియాల్లో పెద్దవాళ్ళ మీద జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, 20 వేలు అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళకు ముందుజాగ్రత్తగా ఎక్కించిన ప్లేట్‌లెట్లు రక్తస్రావాన్ని తగ్గించలేదు, పైగా దుష్ఫలితాలు ఎక్కువయ్యాయి.

పీజీ కుర్రవాళ్ళ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. కోలుకునే రోజుల్లో నాడి 50ల్లోకి, కొందరిలో 40ల్లోకి దిగడం డెంగీలో తరచుగా కనిపించేదే. మనిషి హుషారుగా ఉండి, కళ్ళు తిరగకుండా, ఈసీజీలో సైనస్ లయే (గుండె సహజమైన లయ) ఉంటే దానికి చికిత్స అక్కర్లేదు. చాలామందిలో కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఈసీజీ తీయించకుండా మాత్రం అది మామూలేనని అనుకోవద్దు, గుండెలో విద్యుత్ మార్గం అడ్డుపడినా నాడి ఇలాగే తగ్గుతుంది.

మీరు సరిగా చూస్తున్నారో లేదో తేల్చుకోవడానికి

పుస్తకంలో రోజు లెక్క, ఉష్ణోగ్రత, నాడి, లయ, బీపీ, తేడా, తాగినది, మూత్రం వరుసగా ఉన్నాయా చూడండి. ఒకే సమయానికి ఇంట్లో ఇద్దరు విడివిడిగా నాడి చూస్తే అయిదుకు మించి తేడా రాకూడదు. వస్తే పద్ధతి సరిదిద్దుకోండి. అన్ని పూటలా బీపీ 120/80 అనే రాసి ఉంటే ఎవరో చూడకుండా రాస్తున్నారని అర్థం. బీపీ మిషనును క్లినిక్కుకు తీసుకువెళ్ళి అక్కడి మిషనుతో ఒకసారి పోల్చండి.

10. జ్వరం పోయాక

గుండెకు ఏ ఇబ్బందీ రానివాళ్ళు కూడా రెండు వారాలు జిమ్ముకు, క్రికెట్టుకు, నంది కొండ సైకిలు యాత్రలకు దూరంగా ఉండి, నెమ్మదిగా నడకతో మొదలుపెట్టాలి. గుండె కండరం వాచిందని తేలినవాళ్ళు మూడు నుంచి ఆరు నెలలు శ్రమపడే వ్యాయామం చేయకూడదు. మళ్ళీ ఈసీజీ, ఎకో చూసి, అవసరమైతే 24 గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరికరం పెట్టి, గుండె వైద్యులు సరేనన్నాకే మొదలుపెట్టాలి. ఆపిన బీపీ మాత్రలు, ఆస్పిరిన్ ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో డిశ్చార్జి రోజునే తేదీతో సహా రాయించుకోండి. ఆ ఒక్క తేదీ రాయించుకోక నెలల తరబడి మాత్రలు లేకుండా ఉండిపోయినవాళ్ళు ఉన్నారు.

జ్వరం ఉన్న రోజుల్లో రోగిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, ఆయన్ను కుట్టిన దోమ ఇంట్లో మరొకరికి జబ్బు అంటిస్తుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒక రకం వచ్చి తగ్గినా మిగతావి రావచ్చు, రెండోసారి వచ్చింది తీవ్రం కావడానికి అవకాశం ఎక్కువ. ఆ నోటుపుస్తకాన్ని, ఈసీజీ కాగితాన్ని పారేయకుండా పాత ఫైలులోనే దాచి ఉంచండి.